తంతి వేసిన డాక్టరు – సర్ విలియం ఓషానెసీ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ పురుషుని జీవితం వ్రాసి ఇవ్వవలసిందని కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి అడిగినప్పుడు, నేను కాటన్ దొరగారిని గురించి వ్రాస్తానని ఆయన అనుకున్నారు. కాలువ నీళ్ళు త్రాగి పెరిగిన వట్లూరు వాణ్ణి గనుక అలా అనుకోవడం సహజమే. అయితే కాటన్‌గారిని గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. ఆయన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన 1852 లోనే, ఈ దేశమంతటా తంతి వేసే భారం నెత్తికెత్తుకున్న మరొక దొర ఉన్నాడు. ఆయన చదివినది ఇంజనీరింగు కాదు, వైద్యం. పేరు విలియం బ్రూక్ ఓషానెసీ. కాటన్‌గారికి ఊరూరా విగ్రహాలున్నాయి. ఈయన పేరు మనవాళ్ళలో తెలిసినవారు తక్కువ.

ఈయన మీదకు నా దృష్టి పోవడానికి కారణం మా మనుమరాలు. అమ్మాయి ఇంజనీరింగులో కంప్యూటర్లు చదువుతున్నది. పరీక్షల ముందు పాఠాన్ని పైకి చదివే అలవాటు. నేను వరండాలో కూర్చుని వింటూ ఉంటాను. చిరునామాలట, దారులట, వార్తను ముక్కలు చేసి నంబర్లు వేయడమట, అందినట్లు జవాబు ఇవ్వడమట, మధ్యలో ఎవరూ చదవకుండా తాళం వేయడమట. విన్నకొద్దీ నాకు నవ్వు వచ్చింది. ఇది తాలూకా ఆఫీసులో నేను ఏళ్ళ తరబడి చూసిన తపాలు సెక్షను పనే కదమ్మా అన్నాను. అయితే తాతయ్యా, మన దేశంలో ఇలాంటి వల మొట్టమొదట ఎవరు వేశారో చెప్పు అన్నది. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. దీనితోపాటు, యాభై ఏళ్ళుగా నా మనసులో ఉన్న ఒక సొంత సంగతి కూడా చివర చెప్పుకుంటాను.

కలరా నుంచి కలకత్తాకు

ఓషానెసీ ఐర్లండులోని లిమరిక్ పట్టణంలో పంతొమ్మిదో శతాబ్దం తొలి దశకంలో జన్మించాడు. ఎడింబరోలో వైద్యం చదివి 1829లో పట్టా పుచ్చుకున్నాడు. 1831లో ఇంగ్లండుకు కలరా వచ్చింది. మన కొల్లేరు లంకల్లోను, కాలువ గట్ల పల్లెల్లోను ఒకప్పుడు కలరా అంటే ఏమిటో పెద్దలకు చెప్పనక్కరలేదు. ఉదయం పొలం వెళ్ళినవాడు సాయంత్రానికి ఉండేవాడు కాడు. అప్పటి వైద్యులు ఆ రోగికి ఇంకా రక్తం తీసేవారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ ఈ కుర్రవాడు సండర్లాండ్ అనే ఊరికి వెళ్ళి, రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరు, లవణాలు తరిగిపోవడమే ప్రాణం మీదకు తెస్తున్నదని, పోయినవాటిని తిరిగి ఎక్కించాలని ప్రకటించాడు. ఆ మాట పట్టుకుని 1832లో థామస్ లాటా అనే వైద్యుడు రోగుల నరాల్లోకి ఉప్పునీరు ఎక్కించి కొందరిని బ్రతికించాడు. ఈనాడు ఆసుపత్రిలో మనకు సెలైను సీసా తగిలించినప్పుడల్లా ఆ కుర్రవాడికి ఒక నమస్కారం బాకీ పడుతున్నామన్నమాట.

ఇంత చేసినా ఇంగ్లండులో ఆయనకు నిలదొక్కుకునే ఉద్యోగం దొరకలేదు. 1833లో ఈస్టిండియా కంపెనీ కొలువులో అసిస్టెంట్ సర్జన్‌గా చేరి బెంగాలుకు వచ్చాడు. 1835లో కలకత్తా మెడికల్ కాలేజీ పెట్టినప్పుడు అక్కడ రసాయన శాస్త్రం చెప్పే ఆచార్యుడయ్యాడు. మన నాటువైద్యులు వాడే గంజాయిని శాస్త్రీయంగా పరీక్షించి, ధనుర్వాతంలోను మూర్ఛలలోను బాధ తగ్గించడానికి పనికివస్తుందేమో చూసి, ఆ సంగతులు పాశ్చాత్య వైద్యులకు తెలియజేసినవాడు కూడా ఆయనే. ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాడు. వైద్యం చెబుతూనే విద్యుత్తు మీద పడ్డాడు.

వేళ్ళతో చదివిన వార్త

1839లో కలకత్తా దగ్గర, హుగ్లీ ఒడ్డున, ఆయన మైళ్ళ పొడవున ఇనుప తీగె లాగి తంతి ప్రయోగం చేశాడు. అమెరికాలో మోర్సుగారు వాషింగ్టన్ నుంచి బాల్టిమోరుకు వార్త పంపినది 1844లో. అంటే దానికి అయిదేళ్ళ ముందే మన దేశంలో ఈ పని జరిగింది. ప్రభుత్వం ఆయన చేతికి యంత్రాలు ఇచ్చింది లేదు. ఉన్న సామానుతోనే ఉపాయం చేశాడు. రెండు చివరలా ఒకే వేళ చూపే రెండు గడియారాలు పెట్టాడు. తీగె పట్టుకున్న మనిషి వేళ్ళకు కరెంటు చురుక్కుమన్నప్పుడు గడియారం ముల్లు ఎక్కడ ఉన్నదో, దాన్ని బట్టి అక్షరం పోల్చుకోవాలి.

ఇందులో కిటుకు ఎక్కడ ఉన్నదో గమనించండి. తీగె ఎంత మంచిదైనా, రెండు గడియారాలు ఒకే వేళ చూపకపోతే వార్త గల్లంతే. పంపేవాడు, పుచ్చుకునేవాడు ముందుగానే ఒక కట్టుబాటుకు ఒప్పుకుని ఉండాలి. ఈ కట్టుబాటునే మా మనుమరాలి పుస్తకంలో ప్రోటోకాల్ అంటారు. కలెక్టరుగారి విందులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పేదాన్ని మనం ప్రోటోకాల్ అనేవాళ్ళం. యంత్రాల మధ్య మర్యాద కూడా అదేనట.

ప్రయోగం నెగ్గినా ప్రభుత్వం పదేళ్ళ వరకు కదలలేదు. ఫైలు ఎంత నెమ్మదిగా నడుస్తుందో మనకు తెలియనిది కాదు. 1843లో ఆయనకు రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. ఇంగ్లండు వెళ్ళి 1844లో తిరిగి వచ్చి కలకత్తా టంకసాలలో లోహాల నాణ్యం పరీక్షించే పని చేస్తూ ఉన్నాడు. తంతి సంగతి మరచిపోలేదు.

వెదురు గడలు, కోతులు

గవర్నరు జనరలుగా డల్హౌసీ వచ్చిన తరువాత కదలిక వచ్చింది. 1850లో కలకత్తా నుంచి సముద్ర ముఖానికి దగ్గరనున్న డైమండ్ హార్బరుకు ప్రయోగాత్మకంగా లైను వేయడానికి అనుమతి దొరికింది. 1851లో లైను పనిచేయడం మొదలుపెట్టింది. ఇంగ్లండులో సన్నని తీగె వాడుతున్నారు. అది ఇక్కడ నిలబడదని ఓషానెసీ గ్రహించాడు. తీగె మీద కోతులు ఊగుతాయి, గద్దలు గుంపుగా వాలతాయి, తుఫాను వస్తుంది. అందుచేత తీగెకు బదులు లావైన ఇనుప కడ్డీలను అతికించి వెదురు గడల మీద నడిపించాడు. కొంతదూరం నేలలో పాతి, తేమ తగలకుండా గుడ్డ చుట్టి, కీలు పూసి, ఇసుక రాళ రసం కలిపిన గారలో పొదిగాడు. కార్తీకంలో తుఫాను గాలులు ఎరిగిన మనకు ఆ జాగ్రత్త విలువ తెలుస్తుంది. పరదేశపు నమూనాను ఉన్నదున్నట్లు దింపకుండా ఈ నేలకు తగినట్లు మార్చడమే ఆయన గొప్ప అని నా అభిప్రాయం.

మరుసటి సంవత్సరం బర్మా యుద్ధం వచ్చింది. రంగూన్ పట్టుబడిన వార్తతో ఓడ నదిలోకి రాగానే, ఆ వార్త తీగె మీద కలకత్తా చేరింది. ఓడ రేవు చేరకముందే గవర్నరు జనరలుకు తెలిసిపోయింది. డల్హౌసీ ఇక ఆలోచించలేదు. దేశమంతటా తంతి వేయాలని 1852లో లండనుకు వ్రాసి అనుమతి తెప్పించి, ఆ పనికి ఓషానెసీని అధిపతిగా నియమించాడు. పదేళ్ళకు పైగా కదలని ఫైలు యుద్ధం పుణ్యమా అని నెలల్లో కదిలింది.

మద్రాసుకు చుట్టుదారి

1853 చివర కలకత్తా నుంచి ఆగ్రా వైపు పని మొదలై, 1854 మార్చికల్లా ఎనిమిది వందల మైళ్ళు పూర్తయింది. అక్కడి నుంచి బొంబాయికి, బొంబాయి నుంచి మద్రాసుకు లైన్లు వేశారు. 1855 ఫిబ్రవరి 1న సామాన్య ప్రజలు కూడా తంతి పంపుకోవచ్చునని ప్రకటించారు. పదహారు మాటలకు, ప్రతి నాలుగు వందల మైళ్ళకు ఒక రూపాయి రుసుము. ఆ రోజుల్లో రూపాయి అంటే మాటలు కాదు. 1856 నాటికి సుమారు 4 వేల మైళ్ళ తంతి తయారైంది. ఆ ఏడే ఆయనకు సర్ బిరుదు వచ్చింది.

ఇప్పుడు పటం ముందు పెట్టుకుని చూడండి. కలకత్తా నుంచి మద్రాసుకు మన తూర్పు తీరం వెంట తిన్నగా వస్తే దగ్గర. మొదట్లో ఆ దారిన తంతి లేదు. అందుచేత కలకత్తాలో ఇచ్చిన వార్త పడమరగా ఆగ్రాకు పోయి, అక్కడి నుంచి బొంబాయికి దిగి, దక్కను దాటి మద్రాసు చేరేది. దారిలోని స్టేషనులో ఒకడు వార్త విని కాగితం మీద వ్రాసుకోవడం, పక్క బల్ల మీది వాడు దాన్ని ముందు స్టేషనుకు కొట్టడం, ఇలా చేతులు మారుతూ వెళ్ళేది. కొద్ది సంవత్సరాలకు తీరం వెంట కూడా లైను పడింది. అప్పుడు రెండు దారులయ్యాయి. ఒకటి తెగితే రెండోదాని మీద పంపవచ్చు. ఒకదాని మీద రద్దీగా ఉంటే రెండోది వాడవచ్చు.

ఇంటర్నెట్టు పని కూడా ఇదేనని మా అమ్మాయి చెప్పింది. మధ్యలో రూటర్లనే పెట్టెలు ఉంటాయి. వాటిలో ఏ ఒక్కదానికీ దేశమంతటి పటం తెలియనక్కరలేదు. ఫలానా చిరునామా వైపు పోవాలంటే పక్కన ఎవరికి అందించాలో తెలిస్తే చాలు. తాలూకా ఆఫీసులో నేనూ అంతే. పోలవరం నుంచి హైదరాబాదు సెక్రటేరియట్‌కు పోయే కాగితాన్ని నేను హైదరాబాదు తీసుకుపోను. ఏలూరు కలెక్టరాఫీసు సంచిలో వేస్తాను. అక్కడివాళ్ళు పైకి పంపుతారు. దారి తెగినప్పుడు రూటర్లు ఒకదానికొకటి కబురు చెప్పుకుని దారి మార్చుకుంటాయి. ఇంకొక చక్కని ఏర్పాటు కూడా ఉన్నది. దారి తప్పి తిరుగుతూ ఉన్న ముక్క ఇన్ని చేతులకు మించి మారకూడదని దాని మీదే ఒక అంకె వేసి ఉంటుంది. చెయ్యి మారినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే పారవేస్తారు. మన ఫైళ్ళకు ఆ ఏర్పాటు లేకపోబట్టే కొన్ని నేటికీ తిరుగుతున్నాయి.

లెక్క, నంబరు, రహస్యం

చేతులు మారేచోట తప్పులు తప్పవు. అందుకే తంతి శాఖలో వార్తకు నంబరు వేసి, మాటలెన్నో పైన లెక్క వ్రాసేవారు. అవతల లెక్క సరిపోకపోతే మళ్ళీ పంపమని అడిగేవారు. అంకెలున్న వార్తయితే వాటిని చివర మరొకసారి కొట్టి సరిచూసుకునేవారు. మన ఆఫీసులో కాగితానికి ఆర్.సి. నంబరు, తేదీ వేసి రిజిస్టరులో ఎక్కించినట్లే. ఈనాడు సెల్‌ఫోనులో మనం పంపే ఫొటో కూడా వందల ముక్కలై, ఒక్కొక్కదానికి నంబరుతో బయలుదేరుతుంది. ముక్కలు వేరువేరు దారుల్లో పోయినా అవతలివైపు నంబర్ల వరుసన పేర్చుకుంటారు. ఒక ముక్క తగ్గితే దాన్ని మాత్రం మళ్ళీ తెప్పించుకుంటారు.

మాటల పొదుపు మనకు తెలిసినదే. పెళ్ళి శుభాకాంక్షలకు ఎనిమిదో నంబరు, దీపావళికి ఒకటో నంబరు వ్రాసి ఇచ్చిన రోజులు సభ్యులకు గుర్తుండే ఉంటాయి. అంకె ఒక్కటే తీగె మీద పోయి, అవతల పూర్తి వాక్యమై దిగేది. ఓషానెసీ మొదట సొంతంగా చేసిన సూది యంత్రం వాడాడు. సూది కుడికి, ఎడమకు ఊగే తీరును బట్టి అక్షరం చదవాలి. 1857 ప్రాంతంలో మోర్సు పద్ధతి వచ్చి దాన్ని తోసివేసింది. తన యంత్రం పోయినందుకు ఆయన నొచ్చుకున్నాడో లేదో గాని, దేశమంతా ఒకే పద్ధతి ఉండాలన్న నియమం మాత్రం నిలబడింది.

ఇక రహస్యం. వార్త ఇన్ని చేతుల మీదుగా పోతే ప్రతివాడూ చదువుతాడు. దీనికి రెండు ఉపాయాలు. ఒకటి చట్టం. 1854లో మొదటి తంతి చట్టం, తరువాత 1885 చట్టం వచ్చాయి. ఆ 1885 చట్టం స్థానంలో కొత్త చట్టం చేసినది 2023లోనే. తంతి గుమాస్తా వార్త బయటపెడితే నేరం. రెండవది వర్తకుల ఉపాయం. నేను తాడేపల్లిగూడెంలో పనిచేసిన రోజుల్లో బెల్లం, ఉల్లిపాయల వ్యాపారులు ధరలను తమలో తాము అనుకున్న మారు మాటల్లో పంపుకునేవారు. చదివినవాడికి అక్షరాలు దొరుకుతాయి, అర్థం దొరకదు. చట్టాన్ని నమ్ముకోవడం కంటే మాటకే తాళం వేయడం మేలని వాళ్ళకు అనుభవం చెప్పింది. ఈనాటి కంప్యూటరు తాళాలు కూడా ఆ వర్తకుల తెలివికి పెద్ద రూపమే.

తీగె ఎవరిది

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఓషానెసీ మేధావి, కష్టజీవి. కాని ఆయన వేసిన తీగె మొదట ఏలేవాళ్ళ చెవి. 1857 మే 11న ఢిల్లీ తంతి ఆఫీసు నుంచి అంబాలాకు చేరిన వార్త తిరుగుబాటు సంగతిని పంజాబుకు ముందుగా తెలియజేసింది. సిపాయీలకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే దొరికిన చోటల్లా స్తంభాలు పడగొట్టారు, తీగెలు తెంచారు. వందల మైళ్ళ లైను పోయింది. తరువాత మళ్ళీ కట్టారు.

ఎనభై అయిదేళ్ళ తరువాత మన ప్రాంతంలోనూ ఇదే కథ నడిచింది. 1942లో క్విట్ ఇండియాకు ముందు కోనసీమ బిడ్డ కళా వెంకటరావుగారు ఆంధ్ర కాంగ్రెసు తరఫున తయారు చేసిన ఆంధ్రా సర్క్యులరులో తంతి తీగెలు తెంచడం కూడా ఒక కార్యక్రమం. ఆ ఆగస్టులో పెక్కుచోట్ల తీగెలు తెగాయి. మా నాన్నగారు అప్పటికి కుర్రవాడు. వట్లూరు స్టేషను దాపున రైలు పట్టాల పక్కన పోలీసులు రాత్రిళ్ళు కాపలా తిరిగేవారని చెప్పేవారు. వల మంచిదా చెడ్డదా అంటే, ఎవరి చేతిలో ఉన్నదనే దాన్ని బట్టి. అదే తీగె స్వరాజ్యం వచ్చాక తుఫాను హెచ్చరికలు మోసింది, మనియార్డరు తెచ్చింది, ఉద్యోగం ఆర్డరు తెచ్చింది.

పడవల మీద నంది

ఓషానెసీ ఒక్కడే ఇంత పని చేయలేదు. ఆయన చేతికింద శివచంద్ర నంది అనే బెంగాలీ ఉండేవాడు. డైమండ్ హార్బరు నుంచి మొదటి సంకేతం పంపినది అతడే. కలకత్తాలో అందుకున్నది ఓషానెసీ. తరువాత నంది వందల మైళ్ళ లైన్లు స్వయంగా వేయించాడు. ఢాకా లైనుకు పద్మానది అడ్డం వచ్చింది. ఏడు మైళ్ళ కేబులు నది అడుగున వేయాలి. స్టీమరు అద్దె ఎక్కువ అడిగారు. నంది జాలరివాళ్ళ పడవలు కట్టించుకుని వాటి మీద కేబులు మోయించి వేసేశాడు. కొల్లేట్లో దోనెల మీద పెళ్ళిళ్ళు కూడా నడిపించే మనవాళ్ళు ఈ సంగతి వింటే ఆశ్చర్యపోరు. 1883లో నందికి రాయ్ బహద్దూర్ బిరుదు ఇచ్చారు. 1903లో కాలం చేశాడు. పై అధికారి పేరు చరిత్రకెక్కుతుంది, నోటు పెట్టిన గుమాస్తా పేరు ఫైల్లోనే ఉంటుంది. అందుకే నంది పేరు ఇక్కడ ప్రత్యేకంగా వ్రాశాను.

ఓషానెసీ 1860 ప్రాంతంలో ఈ దేశం విడిచి వెళ్ళాడు. 1861లో ఇంటిపేరు బ్రూక్ అని మార్చుకున్నాడు. ఆ తరువాత దాదాపు ముప్పయి ఏళ్ళు పేరు వినపడకుండా బ్రతికి, 1889 జనవరి 8న ఇంగ్లండులో సౌత్‌సీ అనే చోట మరణించాడు. కలరాకు మందు దారి చూపి, దేశానికి తంతి వేసిన మనిషి, తన రిటైర్మెంటులో తన మాట ఎవరికీ అందనంత దూరాన ఉండిపోయాడు.

నాకు అందని టెలిగ్రాము

ఇక నా సంగతి. 1976లో నన్ను తాడేపల్లిగూడెం నుంచి పోలవరం బదిలీ చేశారు. శ్రావణమాసం, వానలు. అక్కడికి వెళ్ళి గది చూసుకున్నాక ఇంటికి కొత్త చిరునామా వ్రాద్దామనుకున్నాను. ఇవాళ, రేపు అంటూ పన్నెండు రోజులు గడిచాయి. ఈలోగా వట్లూరులో మా నాన్నగారికి గుండెనొప్పి వచ్చింది. మా బాబాయి సైకిలు మీద ఏలూరు వెళ్ళి నాకు టెలిగ్రాము ఇచ్చారు. వాళ్ళకు తెలిసిన చిరునామా తాడేపల్లిగూడెం ఆఫీసే. టెలిగ్రాము గంటల్లోనే అక్కడికి చేరింది. అక్కడి మిత్రుడు పాపం దాన్ని కవరులో పెట్టి పోలవరం తపాలులో వేశాడు. నాకు మూడో రోజు అందింది. గోదావరి పోటు మీద ఉన్నది. బస్సులు సరిగా లేవు. నేను ఇల్లు చేరేసరికి అరుగు మీద మా అమ్మ ఒక్కతే కూర్చుని ఉన్నది. తలకొరివి మా తమ్ముడు పెట్టాడు.

తంతి శాఖ తప్పు ఒక్కటీ లేదు. నాలుగు వేల మైళ్ళ తీగె వేసిన మహానుభావుడు కూడా, తప్పు చిరునామాకు పంపిన వార్తను సరైనచోటికి చేర్చలేడు. తప్పు నాది. రోజుకు యాభై కవర్ల మీద ఇతరుల చిరునామాలు సరిచూసే డిస్పాచి గుమాస్తా, సొంత చిరునామా ఒక కార్డు ముక్క మీద వ్రాయలేకపోయాడు. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ విషయం ఎత్తలేదు. ఆమె ఎత్తకపోవడమే నాకు ఎక్కువ కష్టమైంది. టెలిగ్రాము సర్వీసు 2013 జూలైలో ఎత్తివేసిన రోజున అందరూ పాత జ్ఞాపకాలు చెప్పుకుంటుంటే నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను.

తోటి పెన్షనర్లకు నాలుగు మాటలు

1969 అక్టోబరు 29న అమెరికాలో రెండు కంప్యూటర్ల మధ్య మొదటి వార్త పంపబోతే రెండక్షరాలు పోగానే యంత్రం ఆగిపోయిందట. 1983 జనవరి 1న అక్కడి వల అంతా ఒకే కట్టుబాటులోకి వచ్చింది. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వచ్చింది. ఇప్పుడు మన పెన్షను, జీవన ధ్రువపత్రం, పిల్లల క్షేమ సమాచారం అన్నీ ఆ వల మీదే. కనుక ఓషానెసీ కథ నుంచి మనం నేర్చుకోవలసినవి చెప్పి ముగిస్తాను.

మొదటిది చిరునామా. ఫోను నంబరు మారినా, ఇల్లు మారినా ఆ వారంలోనే బ్యాంకులోను, ట్రెజరీలోను, పిల్లల దగ్గర మార్పించండి. నామినీ పేరు సరిగా ఉన్నదో లేదో చూసుకోండి. నాలాగ పన్నెండు రోజులు ఆగవద్దు.

రెండవది సంతకం. టెలిగ్రాము మీద సంతకం ఉండదు. ఎవరి పేరుతో ఎవరైనా ఇవ్వవచ్చు. అందుకే ప్రభుత్వం తంతి ద్వారా ఉత్తర్వు పంపినా, ధ్రువీకరణకు సంతకంతో పోస్టు కాపీ వెనుక వచ్చేది. ఆ పోస్టు కాపీ వస్తేగాని మనం ఫైలు పూర్తి చేసేవాళ్ళం కాదు. ఇప్పుడు ఫోనులో ఎవరో పెద్ద గొంతుతో, పెన్షను ఆగిపోతుంది, నంబరు చెప్పండి అంటే మాత్రం వెంటనే చెప్పేస్తున్నాం. మన సభ్యులొకరు నిరుడు ఇలాగే ఓటీపీ చెప్పి, కూతురి పెళ్ళికి దాచిన డబ్బు పోగొట్టుకున్నారు. ఆయన నాకన్నా జాగ్రత్త గల ఉద్యోగి. భయం అంత పని చేయిస్తుంది. ఫోను పెట్టేసి, మనకు ముందే తెలిసిన నంబరుకు మనమే చేయడం, లేదా బ్యాంకుకు వెళ్ళి అడగడం, ఇదే మన పోస్టు కాపీ.

మూడవది తాళం. తెర మీద తాళం బొమ్మ ఉంటే దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అర్థం. అవతల కూర్చున్నవాడు మంచివాడని కాదు. దొంగ కూడా తన ఇంటికి తాళం వేసుకుంటాడు. ఓటీపీ, పిన్ను కన్నబిడ్డలు కాని వారెవరు అడిగినా చెప్పవద్దు. కన్నబిడ్డలు కూడా ఎదురుగా ఉండి అడిగితేనే. పొరపాటు జరిగిపోతే సిగ్గుపడి దాచవద్దు. 1930 నంబరుకు వెంటనే ఫోను చేయండి. తీగె తెగిన సంగతి ఎంత త్వరగా చెబితే అంత త్వరగా అతుకుతారు.

మా మనుమరాలికి ఇదంతా చదివి వినిపించాను. అంతా విని ఏమీ అనకుండా నా ఫోను తీసుకుని, అందులో తన కొత్త హాస్టలు చిరునామా, గది నంబరు, వార్డెను నంబరు ఎక్కించి ఇచ్చింది. పరీక్షల్లో మార్కుల మాట ఎలా ఉన్నా, పాఠం వచ్చినట్లే అనుకున్నాను.

సభ్యులందరికీ ఆయురారోగ్యాలు కలగాలని కోరుతూ సెలవు.